ఇంటిపేరు వెంట, ఆడపడుచుల వెంట

వంశచరిత్ర మనగానే మనకు రాజవంశములే తోచును. పెనుకొండనుండి పాలించిన విజయనగర ప్రభువుల పేర్లను తడబడక చెప్పగల విద్యార్థి, తన అవ్వ ఏ ఇంటి ఆడపడుచో చెప్పుమన్నచో నీళ్లు నములును. దోషము వానిది కాదు. రాజులకు శాసనములున్నవి. కావ్యములలో కృతిభర్తను పొగడుటకు ముందు అతని మూలపురుషుని మొదలుకొని పద్యములు చెప్పుట మన కవులకు విధి. మడక పట్టినవాని ముత్తాతను గూర్చి పద్యము చెప్పిన ఆస్థానకవి లేడు.

నేను ఇచట చెప్పదలచినది ఆ మడక పట్టినవారిని గూర్చి. అనంతపురపు మెట్టసీమలో నాలుగైదు ఊళ్లవారు ఒకరి పిల్లల నొకరు చేసికొనుచు అల్లుకొనిన రైతు కుటుంబములు ఒక వైపు, కరువులలో వానినుండి విడివడి దూరము పోయినవారి సంతతి మరియొక వైపు. ఈ రెంటిని తిరిగి కలుపవలెనన్నచో మగవారి పేర్ల వెంట పోయినంత మాత్రమున పని జరుగదు; ఆడపడుచుల వెంట పోవలెనని నా అభిప్రాయము.

ఇట్టి అన్వేషణ స్కాట్లండు దేశమున చిరకాలముగా సాగుచున్నది. అక్కడి రైతులును చుట్టుపట్ల పొలముల వారితోనే వియ్యమందిరి. గడ్డుకాలము వచ్చినపుడు కెనడాకు, ఆస్ట్రేలియాకు, న్యూజిలాండుకు ఓడలెక్కిరి. న్యూజిలాండులోని ఒటాగో సీమకు 1848లో ఆ దేశస్థులు వలసపోయి డునెడిన్ పట్టణమును నిర్మించుకొనిరి. నేడు వారి మునిమనుమలు తాతల పొలమును వెదకుచు వచ్చినచో ఆధారములకు కొదువ లేదు. 16వ శతాబ్ది మధ్యకాలమునుండియే కొన్ని ఊళ్ల చర్చిలలో జ్ఞానస్నానములను, వివాహములను, ఖననములను పుస్తకములకెక్కించిరి. 1855 జనవరి 1 నుండి జనన మరణ వివాహములను ప్రభుత్వమే నమోదు చేయసాగెను. నాకు ముఖ్యముగా తోచిన విషయము మరియొకటి. అక్కడి పత్రములలో స్త్రీ పెండ్లియైన తరువాత కూడ పుట్టినింటి పేరును పోగొట్టుకొనదు. బిడ్డ జననపత్రములో తల్లి పుట్టినింటి పేరుండును. సమాధిశిలమీద సయితము సాధారణముగా ఆ పేరే చెక్కుదురు. చాల కుటుంబములలో పెద్ద కుమారునకు తండ్రి తండ్రి పేరు, రెండవవానికి తల్లి తండ్రి పేరు, పెద్ద కుమార్తెకు తల్లి తల్లి పేరు పెట్టెడు ఆచారము కూడ ఉండెను. తాత పేరు మనుమనికి పెట్టుకొను మనకు ఇది వింతగా తోచదు. ఆ పేర్ల వరుసను పట్టుకొని, ఏ రెండు ఇండ్ల నడుమ వియ్యము నడచినదో అక్కడివారు ఊహింపగలరు.

ఆ దేశమునకును మన జిల్లాకును ఒక పాత సంబంధము కలదు. నిజాము 1800లో దత్తమండలములను కంపెనీవారికి ఇచ్చిన పిమ్మట ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి, 1807 వరకు పనిచేసిన థామస్ మన్రో 1761లో గ్లాస్గో నగరమున జన్మించినవాడు. అనంతపురమున కాపురముండి, పాలెగాండ్రను అణచి, పొలములు కొలిపించి, రైతుకును సర్కారుకును నడుమ సూటి లెక్క నేర్పరచెను. 1827లో పత్తికొండ మకాములో విషూచి సోకి మరణించెను. ఈ మండలములలో బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిన కుటుంబములుండెను. గ్లాస్గో వర్తకుని కుమారుని పేరు మన రైతు వంశములలోనికి అట్లు ప్రవేశించినది! వంశవృక్షము వ్రాయువారు అట్టి పేరు కనబడినపుడు తెల్లబోవలదు.

మన్రో పద్ధతి పుణ్యమా యని రైతు పేరు సర్కారు కాగితమునకెక్కినది. కాని ఏ పేరు? పట్టా ఎవరి పేరనున్నదో వాని పేరు, వాని తండ్రి పేరు. ఆ ఇంటికి వచ్చిన కోడలు ఏ యూరిదో, ఆ ఇంటి ఆడపిల్ల ఏ యూరికి పోయినదో పట్టాకు అక్కరలేదు. జనన మరణముల నమోదు దేశమంతట తప్పనిసరి యగుట 1969 చట్టముతో. మన రాష్ట్రమున వివాహములకు ఆ నియమము వచ్చుట 2002 చట్టముతో. అంతకు పూర్వము ఈ మెట్టసీమ పల్లెలలో పందిళ్ల క్రింద జరిగిన పెండ్లిండ్లకు సర్కారు సాక్ష్యము బహు స్వల్పము.

ఇల్లటము సంగతి చూడుడు. మగసంతానము లేని రెడ్డి ఇంట అల్లుని ఇల్లటము తెచ్చుకొని, కుమారునివలె ఆస్తికి హక్కుదారుని చేయుట మన మండలములలో న్యాయస్థానములు సయితము అంగీకరించిన ఆచారము. అట్టి చోట మామ తరువాత పట్టాలో వేరొక ఇంటిపేరు వచ్చును. కాగితము మాత్రమే చూచువాడు ‘పాత కుటుంబము అంతరించినది, భూమి పరుల పాలైనది’ అని వ్రాసికొనును. అంతరించుట ఎక్కడిది? కూతురు ఆ ఇంటనే యున్నది, ఆమె బిడ్డలే ఆ పొలము దున్నుచున్నారు. ఆమె పేరు కాగితమున లేకపోవుటచేత ఒక వంశము చచ్చినట్లు లెక్క తేలినది.

ఇక ఇంటిపేరు. దీనిని మనము గౌరవచిహ్నముగా భావించుచున్నాము. నాకు అట్లు తోచదు. ఇంటిపేర్లలో ఊరి పేర్లు మెండు. ఊరిలోనే యున్నవానిని ఆ యూరి పేరుతో పిలువవలసిన పని ఇరుగుపొరుగువారికి సాధారణముగా రాదు. వేరొక యూరికి పోయి నిలిచినపుడే ‘ఫలానా యూరివారు’ అని గుర్తుపట్టుదురు. కనుక ఊరి పేరు గల ఇంటిపేరు చాలవరకు ఒక పాత వలసకు ఆనవాలు. 1928లో నంద్యాల సభలో ఈ సీమకు రాయలసీమ యను పేరు సూచించిన చిలుకూరి నారాయణరావుగారు అనంతపురము దత్తమండల కళాశాలలో తెలుగు బోధించిన పండితులు. వారు ఉత్తరాంధ్రమునుండి వచ్చినవారు. వారి ఇంటిపేరు వారి పూర్వులను వేరొక తావునకు చూపుచున్నది. సీమకు పేరు పెట్టినవారే వలస వచ్చినవారగుట నాకు ముచ్చటగా నుండును.

అట్టి ఆనవాలు తరతరములు నిలుచుటకు కారణము పెండ్లి. ఒకే ఇంటిపేరువారు దాయాదులు, అన్నదమ్ముల వరుస. వారి నడుమ పిల్ల నిచ్చుటయు తెచ్చుటయు కూడదు. అందుచేతనే సంబంధము మాటలాడవచ్చినవారు మొదట అడుగునది ఇంటిపేరు. ఆ ప్రశ్న అడుగువారున్నంత కాలము ఇంటిపేరు బ్రతుకును. అడుగువారు లేనిచోట ఒకటి రెండు తరములలో మాసిపోవును.

దీనికి రెండు నిదర్శనములు. విజయనగర, నాయకరాజుల కాలమున దక్షిణమునకు తరలిన తెలుగు రైతు కుటుంబములు తమిళనాట కోవిల్‌పట్టి ప్రాంతపు నల్లరేగడి భూములలో నేటికిని ఉన్నవి. అట్టి ఇంట పుట్టి తమిళ కథకులలో అగ్రగణ్యుడైన కి. రాజనారాయణన్ తమవారి వలసగాథను ‘గోపల్ల గ్రామం’ అను నవలగా 1976లో వెలువరించెను. దాని తరువాయియైన ‘గోపల్లపురత్తు మక్కళ్’ అను నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. 2021లో ఆయన కన్నుమూసెను. తెలుగు లిపి ఎరుగని ఆ ప్రాంతపు ఇండ్లలో సయితము ఇంటిపేరు మాత్రము చెక్కుచెదరలేదు. ఏలయన వారు గుంపులుగా పోయిరి. పోయినచోటను తమలో తాము పిల్లల నిచ్చి పుచ్చుకొనిరి. ఇంటిపేరుతో వారికి పని తీరలేదు.

రెండవది సముద్రము దాటినవారి కథ. 1860 నవంబరు 16న ట్రూరో యను ఓడ చెన్నపట్నమునుండి కూలివారితో డర్బను రేవు చేరినది. 1911 వరకు నేటాలునకు అట్లు పోయిన భారతీయులు సుమారు 1,52,000 మంది. ఆ ఓడల పట్టీలలో ఒక్కొక్కరికి ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఎత్తు, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది పుట్టుమచ్చలు, గాట్లు కూడ వ్రాసిరి. మారిషసుకు పోయినవారి పత్రములు నేడు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. ఆ కూలి యొడంబడిక బానిసత్వమునకు మారుపేరు. దానిని మెచ్చుకొనువాడను కాను. అయినను ఒక విపరీతము గమనింపుడు: మన పల్లె పట్టాలో భార్యగా సయితము కనబడని స్త్రీకి, ఓడ పట్టీలో ఆమెదే యైన నంబరున్నది, ఆమె తండ్రి పేరున్నది, ఆమె పుట్టిన యూరున్నది.

అన్ని గడులున్న ఆ పట్టీలో ఇంటిపేరునకు గడి లేదు. దొరతనపు గుమాస్తా అడుగలేదు. అక్కడకు పోయినవారు ఒక్కొక్కరుగా, పలు జిల్లాలనుండి పోయినవారగుటచే పెండ్లి మాటలలో అడుగువారును క్రమముగా తగ్గిపోయిరి. అందుచే తండ్రి పేరో, లేక నాయుడు, రెడ్డి వంటి బిరుదమో కుటుంబనామమైనది. నేడు డర్బనునుండి వచ్చు ఐదవ తరమువాని చేతిలో ముత్తాత నంబరుండును, తప్పులతో వ్రాసిన ఊరి పేరుండును. ఊరిలోని పెద్దలు అతనిని అడుగునది మాత్రము, ‘మీ ఇంటిపేరేమి నాయనా?’ అని. అక్కడ మాట ఆగిపోవును.

ఓడలెక్కిన తెలుగువారిలో ఎక్కువమంది కోస్తా జిల్లాలవారు, ఆర్కాడు ప్రాంతమువారు. మా మెట్టసీమవారు ఎక్కువగా కాలినడకను, బండ్లమీదను పోయినవారు. ఓడ ఎక్కినవానికి నంబరైనను ఉన్నది. నడచిపోయినవానికి అదియును లేదు. ధాత నామ సంవత్సరపు కరువు, అనగా 1876 మొదలు 1878 వరకు సాగిన మహాక్షామము, ఈ సీమను దహించినది. నాటికి అనంతపురము బళ్ళారి జిల్లాలోనిది. ప్రత్యేక జిల్లాయైనది 1882లో. 1871లోని జనసంఖ్య కంటె 1881లోని సంఖ్య ఇచట బాగుగ తగ్గినది. తగ్గినవారందరు చనిపోయినవారు కారు. ఊరు విడిచినవారును అందులో కలరు. చనిపోయినవారెవరు, వెడలినవారెవరు అని వేరు చేసి చెప్పు పట్టిక మన పల్లెలలో లేదు.

వెడలినవారు ఏ దిక్కునకు వెడలిరి? ఇచటనే నా వాదమునకు బలమున్నది. కరువు వచ్చినపుడు రైతు దిక్కుతెలియక పోడు. నీరున్న యూరిలో కూతురున్నచో అటు, మేనమామ యున్నచో అటు పోవును. దాయాదులు పక్క ఇంటనే యుందురు. వారి చేనును ఎండినదే. ఆదుకొనువారు వియ్యమువారే. మన సంబంధములు జిల్లా యెల్లను ఏనాడును లెక్కచేయలేదు. మడకశిర, కల్యాణదుర్గము ప్రాంతములవారికి పావగడ పొరుగూరే. రాయదుర్గము వారికి బళ్ళారి, చెళ్ళకెర దూరము కావు. హిందూపురము వారు బాగేపల్లికి పిల్లనిచ్చినచో దూరదేశమునకు ఇచ్చినట్లు భావింపరు. కాని పావగడ మైసూరు సంస్థానములోనిది, మడకశిర మదరాసు రాజధానిలోనిది. కనుక ఒక్క కుటుంబపు సగము కాగితములు కన్నడమున, సగము తెలుగున నున్నవి. ఒక్క తాతయే అచట గౌడు, ఇచట రెడ్డి. ఆ రెంటిని కుట్టిన సూది ఆడపడుచు ఒక్కతెయే. నేడు బెంగుళూరు కట్టడపు పనులకు, కేరళకు, కువైటుకు పోవువారు కూడ తొలుత చేరుట తరచుగా బావమరది చెంతకే. సగటున ఏటికి 550 మిల్లీమీటర్ల వాన చాలని ఈ సీమలో వలస ఆగినదని చెప్పుటకు ఇంకను వీలు లేదు.

మేనరికములచే ఈ అల్లిక మరింత చిక్కబడినది. గణితోపాధ్యాయులు దీనిని నల్లబల్లమీద లెక్కగా వేయవచ్చును. ప్రతి మనిషికి ముత్తాతలు, ముత్తవ్వలు కలిసి ఎనిమిదిమంది యుండవలెను. తల్లిదండ్రులు మేనరికపు బావమరదళ్లయినచో ఆరుగురే యుందురు, ఒక జంట రెండు వైపుల లెక్కకు వచ్చుటచేత. మేనమామ అక్క కూతురును చేసికొనినచో ఇంకను చిత్రము: తండ్రి తండ్రియే తల్లికి తాత, అనగా బిడ్డకు ఒక్క మనిషియే తాతయు ముత్తాతయు. కొమ్మలు విడిపోవు చెట్టుబొమ్మ మనకు సరిపడదు. మనది కొమ్మలు మరల కలిసి ఊడలు దిగు మఱ్ఱి. (ఇట్టి దగ్గరి పెండ్లిండ్ల వలన బిడ్డలకు వచ్చు వ్యాధులను గూర్చి వైద్యులు చెప్పునది పెడచెవిని పెట్టదగినది కాదు, కాని జరిగిన చరిత్రను వ్రాయుట వేరు, దానిని కొనసాగింపుమనుట వేరు.) 1871లో బంధుత్వములను గూర్చి బృహద్గ్రంథమును ప్రకటించిన అమెరికా పండితుడు లూయిస్ హెన్రీ మోర్గన్ తెలుగు, తమిళ, కన్నడ బంధువాచకములను కూడ తెప్పించుకొని, వానికిని అమెరికా ఆదిమజాతుల వరుసలకును గల పోలికకు ఆశ్చర్యపడెను. మన అత్త, మామ, బావ, వదిన యను మాటలలో పెండ్లి నియమము ఇమిడియున్నది. ఆ మాటలకు బదులు ‘అంకుల్’, ‘ఆంటీ’ అనుచున్న పిల్లవానికి వరుస తెలియుటెట్లు?

నా తరగతిలో ఏటేట ఒక చిన్న పరీక్ష పెట్టుచుందును. తండ్రి తండ్రి పేరు అందరును వ్రాయుదురు. జేజి, అవ్వల పేర్లు పలువురు వ్రాయుదురు. అవ్వ పుట్టినింటి పేరు, పుట్టిన యూరు అనగానే కలములు ఆగిపోవును. ఒకమారు ఒక విద్యార్థిని మాత్రము ఆగక వ్రాసినది. ఐదు ఊళ్లు, ఏడు ఇంటిపేర్లు. ఎట్లు తెలిసినదని అడిగితిని. ‘మా జేజి పెండ్లి చదివింపుల పట్టీ మా యింట నున్నదండీ’ అని చెప్పినది.

ఆ మాట నాకు గొప్ప ఉపకారము చేసినది. చదివింపుల పట్టీకంటె మించిన ఆధారము మన రైతు ఇండ్లలో లేదు. ఎవరు, ఏ యూరివారు, ఎన్ని రూపాయలు చదివించిరో, ఎవరు చీర పెట్టిరో పెండ్లి పందిట కూర్చుండి ఒకడు వ్రాయును. మరల వారి ఇంట పెండ్లియైనపుడు అంతకు తక్కువ కాకుండ చదివింపవలెను గనుక దానిని పెట్టెలో దాచుదురు. బాకీ లెక్కగా దాచిన పుస్తకము చుట్టరికముల చరిత్రయైనది. దాని తోడుగా లగ్నపత్రిక యుండును; అందు రెండు ఇండ్లవారి పేర్లును పసుపు మరకల నడుమ కనబడును. పితృతర్పణము విడుచు ఇండ్లలో తండ్రి వైపు మూడు తరములే గాక తల్లి తండ్రి వైపు మూడు తరముల పేర్లును నోట నుండును. రెడ్లకు, గొల్లలకు గోత్రములు, వంశక్రమము చెప్పి సంభావన పుచ్చుకొను పిచ్చుగుంట్లవారు, నేడు వంశరాజులని పిలువబడువారు, కొన్ని తావులలో ఇంకను వచ్చుచున్నారు. కాని వారు చెప్పునదియు ప్రధానముగా మగవారి వరుసయే. కరణముల ఉద్యోగములు 1984లో రద్దయిన పిమ్మట, ఏ పొలము ఎవరికి ఎట్లు వచ్చినదో నోటితో చెప్పగల కరణములు ఒక్కొక్కరుగా వెడలిపోయిరి. సర్కారు కచేరీలలో ఇనాము రిజిస్టర్లు, డైగ్లాట్లు మిగిలినవి. అవి భూమి కథ చెప్పును, పెండ్లి కథ చెప్పవు.

ఒక ఆక్షేపణ రాగలదు. వంశములను త్రవ్వినచో కులగర్వము పెరుగదా అని. మగవాని వెంట మాత్రమే పోయి, ఒక్క మూలపురుషుని దగ్గర ఆగినచో తప్పక పెరుగును. కులసంఘములు అచ్చు వేయించు వంశావళులు చాలవరకు అట్టివే. ఆడపడుచుల వెంట పోయినవానికి ఆ గర్వము నిలువదు. రెండు మూడు తరములలోనే బీదయింటి కోడలు కనబడును, కరువులో కూలికి పోయిన మేనమామ కనబడును, మారుమనువు కనబడును, పెంచుకొనిన బిడ్డ కనబడును. కావుననే ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పిల్లలచేత దీనిని వ్రాయింపుడు. తరగతిలో పైకి చదివింపవలదు. కులము గడి పెట్టవలదు. చెప్పుటకు ఇష్టపడని ఇంటిని ఒత్తిడి చేయవలదు. అవ్వ కంటతడి పెట్టిన చోట ఆ ప్రశ్నను విడిచి మరియొక ప్రశ్నకు పోవుట పిల్లలకు నేర్పుడు.

పని చిన్నది. సంక్రాంతి సెలవులలో ఒక నోటుపుస్తకము తీసికొని జేజి దగ్గరను, అవ్వ దగ్గరను వేర్వేరుగా కూర్చుండవలెను. పుట్టినింటి పేరు, పుట్టిన యూరు, తోడబుట్టినవారందరి పేర్లు, అక్కచెల్లెండ్రను ఏ యే ఊళ్లకు ఇచ్చిరి, ఏ కరువులో ఎవరు ఎటు పోయిరి, వారినుండి కడపటి వార్త ఎప్పుడు వచ్చినది అని అడుగవలెను. ఊరి పేరును ఆమె పలికినట్లే వ్రాయవలెను. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండై, సగము ఊళ్లు శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినవి గనుక నేటి మండలము పేరు ప్రక్కన వేరుగా చేర్చవలెను. ఆమె పెట్టెలో చదివింపుల పట్టీ యున్నదేమో చూచి, సెలతో ఫోటో తీసికొనవలెను. పాత కాగితములు కొనువాడు ఇల్లిల్లు తిరిగి కిలోల లెక్కను కొనిపోవుచున్నాడు; పట్టీ మీది ఊళ్ల పేర్లు వానికి తూకములోనికి రావు.